కార్పెట్ ఎత్తితే కనిపించే పడవ

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో లెబనాన్ అనే చిన్న ఊరుంది. సెయింట్ లూయిస్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లే ఇంటర్‌స్టేట్ 44 పక్కనే ఉంటుంది. సముద్రం అక్కడికి వందల మైళ్ల దూరం. అయినా ఆ ఊరు తనను తాను 'ప్రపంచ అల్యూమినియం చేపల పడవల రాజధాని' అని చెప్పుకుంటుంది. చెప్పుకోవడంలో తప్పులేదు. ట్రాకర్, లోవ్ లాంటి పేర్లతో అమెరికా చెరువుల్లో, రిజర్వాయర్లలో తిరిగే అల్యూమినియం పడవలు ఎన్నో అక్కడి షెడ్లలోనే రేకుగా లోపలికెళ్లి పడవగా బయటికొచ్చాయి.

ఆ పడవల్లో చాలావాటికి నిలబడే చోటంతా కార్పెట్ పరిచి ఉంటుంది. హైదరాబాద్ నుంచి కొత్తగా వెళ్లినవాళ్లకు అది వింతే. నీళ్లలో తిరిగేదానికి, చేపల జిగురు, బురద అంటేదానికి కార్పెట్ ఏమిటి అనిపిస్తుంది. పదీ పదిహేనేళ్లు ఎండకు ఎండి వానకు తడిశాక ఆ కార్పెట్ రంగు పోతుంది, వాసన పట్టుకుంటుంది, అంచుల్లో లేచిపోతుంది. అప్పుడు దాన్ని మార్చాలి. ఏటా వసంతకాలంలో మిడ్‌వెస్ట్ ఊళ్లలో ఇళ్ల ముందు ట్రైలర్ల మీద పడవలు కనిపిస్తాయి. వాటి చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని గీకుతూ మనుషులు కనిపిస్తారు. ఈ మధ్య ఆ మనుషుల్లో తెలుగువాళ్లూ ఉంటున్నారు. డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, రే రాబర్ట్స్ రిజర్వాయర్ల దగ్గర, సెయింట్ లూయిస్ శివార్లలో, మినెసోటా సరస్సుల ఒడ్డున మనవాళ్లకు గాలం పట్టే అలవాటు బాగానే అబ్బింది. గాలం తర్వాత పడవ. కొత్తది కొనాలంటే ఇంజిన్‌తో కలిపి ఖర్చు ఎక్కువ కాబట్టి ముందు పాత పడవే కొంటారు. పాత పడవతోపాటు పాత కార్పెట్ కూడా ఇంటికొస్తుంది.

ఈ పని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. పాతది పీకి కొత్తది అంటిస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కొందరైతే పాతదాని మీదే కొత్తది అంటించేస్తారు. పడవ ప్రాణం మాత్రం ఆ కార్పెట్ కింద ఉన్న చెక్కలో, చెక్క కింద ఉన్న ఫోమ్‌లో, ఈ రెండూ ఆనుకుని ఉన్న రేకులో ఉంది. పన్నెండేళ్లకో పదిహేనేళ్లకో ఒకసారి వాటిని కళ్లారా చూసే అవకాశం వస్తుంది. దాన్ని వదులుకోకూడదు.

పడవలోకి కార్పెట్ ఎలా వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధంలో గ్రమన్ కంపెనీ అమెరికా నౌకాదళానికి విమానాలు తయారుచేసేది. 1944లో ఆ కంపెనీ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండక్ కొండల్లోకి విహారానికి వెళ్లాడు. ఒక సరస్సుకూ ఇంకో సరస్సుకూ మధ్య కాన్వాస్ గుడ్డ తొడిగిన బరువైన కెనూను భుజాన మోసుకెళ్లలేక అలసిపోయాడు. విమానాల రేకుతోనే కెనూ ఎందుకు చేయకూడదన్న ఆలోచన అక్కడే పుట్టింది. యుద్ధం ముగిసే 1945 నాటికి గ్రమన్ అల్యూమినియం కెనూలు వచ్చేశాయి. 1948లో మినెసోటాలోని న్యూయార్క్ మిల్స్ అనే ఊళ్లో హోవర్డ్ లండ్ అల్యూమినియం పడవల తయారీ మొదలుపెట్టాడు. విమానాల కోసం నేర్చిన రేకు వంచడం, రివెట్ కొట్టడం చేపల పడవలకు అలా అక్కరకొచ్చాయి.

ఆ తొలి పడవల్లో కార్పెట్ లేదు. అడ్డంగా మూడు నాలుగు బల్లలు, కింద వట్టి రేకు, అంతే. కూర్చుని గాలం వేసేవాళ్లు. బాస్ చేపల వేట ఆ పద్ధతి మార్చేసింది. 1967లో రే స్కాట్ అనే అతను ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో పెద్ద ఎత్తున బాస్ పోటీ పెట్టాడు. అక్కడి నుంచి అది లక్షల మందికి సరదాగా, కొందరికి వృత్తిగా మారింది. బాస్ ఒడ్డు వెంబడి మోళ్ల కింద, గడ్డి పొదల్లో దాక్కుంటుంది. దాన్ని పట్టాలంటే నిలబడాలి, గురి చూసి ఎరను మళ్లీ మళ్లీ విసరాలి. నిలబడాలంటే చదునైన డెక్ కావాలి. అలా బల్లలు పోయి, వాటి స్థానంలో ప్లైవుడ్ డెక్కులు, వాటి కింద సామాన్ల అరలు, అరలకు మూతలు వచ్చాయి. 1978లో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన జానీ మోరిస్ బాస్ ట్రాకర్ పేరుతో పడవ, ఇంజిన్, ట్రైలర్ మూడూ కలిపి ఒకే ధరకు అమ్మడం మొదలుపెట్టాక మధ్యతరగతి ఇంటికీ ఈ డెక్కుల పడవ చేరింది.

ఆ ప్లైవుడ్‌ను కప్పడానికి కార్పెట్ అన్నివిధాలా కుదిరింది. వట్టి రేకు జూలై ఎండలో అరికాలు పెట్టనివ్వదు. తడిస్తే జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం చప్పుడు. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్ల వేగంతో పోతుంది. అంటే గాలిలోకంటే నాలుగు రెట్ల పైమాటే. చేపకు లోపలి చెవితోపాటు ఒంటికి రెండు పక్కలా కదలికలను పసిగట్టే గీత కూడా ఉంటుంది. అల్యూమినియం పడవలో సీసం గుండు జారిపడినా, పెట్టె మూత దబ్బున వేసినా ఆ చప్పుడు అడుగు రేకు ద్వారా నేరుగా నీళ్లలోకి దిగుతుంది. కార్పెట్ దాన్ని చాలావరకు మింగేస్తుంది. కంపెనీలకు ఇంకో లాభం కూడా ఉంది. ప్లైవుడ్ అతుకులు, రివెట్ తలలు, స్క్రూలు అన్నీ దాని కింద కనబడకుండా పోతాయి. కొన్నవాడికి తంటా తెచ్చేది కూడా ఈ కనబడకపోవడమే.

మడమతో తొక్కి చూడు

సెయింట్ లూయిస్ శివారులో ఉండే మా బావ తొంభైల నాటి పదిహేడడుగుల పడవ కొన్నాడు. భీమవరం దగ్గర పల్లెలో పుట్టినవాడు. చెరువంటే, చేపంటే ప్రాణం. కొన్న పడవ బయటి నుంచి చూస్తే దిట్టంగానే ఉంది. రేకు మీద చిన్న చిన్న సొట్టలు తప్ప చిల్లు లేదు. కార్పెట్ మాత్రం ఎండకు తెల్లబోయి, ఇంజిన్ వైపు చిరిగిపోయి ఉంది.

"ఏరా, ఇదంతా పీకాల్సిందేనా? పైన శుభ్రంగా కడిగి, దాని మీదే కొత్తది అంటించేస్తే పోలా?" అన్నాడు.

"పీకాల్సిందే బావా. ముందు ఆ సీటు పక్కన మడమతో గట్టిగా తొక్కి చూడు."

తొక్కాడు. కాలి కింద డెక్ దిగింది. సీటు పట్టుకుని ఊపితే కింద ఉన్న ఇనుప పళ్లెం కూడా సీటుతోపాటు ఊగింది. ఆ పళ్లేన్ని పట్టి ఉంచిన స్క్రూలు తిప్పితే ఎంతసేపూ తిరుగుతూనే ఉన్నాయి, పైకి రాలేదు. చెక్కలో పట్టు పోయిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. కార్పెట్ లాగేశాక స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే ప్లైవుడ్ పొరలు తడిసిన పూతరేకుల్లా విడిపోయి చేతికొచ్చాయి. నిలబడి గాలం విసిరేవాడి బరువంతా మోసేది ఆ సీటు పళ్లెమే. పడవ వేగంగా పోతున్నప్పుడు అది ఊడితే మనిషి నీళ్లలో పడతాడు. పైన కొత్త కార్పెట్ పరిచి ఉంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు.

పీకడం మొదలుపెట్టే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలు ట్యాంకును పడవలోంచి పూర్తిగా బయటకు తీసి, దూరంగా పెట్టాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున చేరి అక్కడే ఉంటుంది. గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు. గాలాడేలా రోజంతా వదిలేసి అప్పుడు పని ముట్టుకోవడం మంచిది. తర్వాత ఫోన్‌తో ప్రతి మూలనూ ఫొటో తీసుకోవాలి. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, ఏ మూత ఏ అరది, ఏ స్క్రూ ఎంత పొడుగు అన్నీ ఫొటోల్లో ఉండాలి. విప్పిన చెక్క ముక్కలు ఎంత కుళ్లినా పారేయకూడదు. కొత్త చెక్క కోయడానికి అవే కొలతలు. పడవ లోపలి గోడలు ఎక్కడా తిన్నగా ఉండవు. టేపు పట్టి కొలిచినా ఆ వంపు దొరకదు. పాత చెక్కను కొత్తదాని మీద పెట్టి పెన్సిల్‌తో గీస్తే మాత్రం దొరుకుతుంది.

కార్పెట్ ఓ మూల పట్టి లాగితే పై పోగు వస్తుంది. దాని అడుగున ఉన్న రబ్బరు పొర, బంక కలిసి రేకుకు అతుక్కుని ఉండిపోతాయి. ఇక్కడే ఓపిక కావాలి. హీట్ గన్‌తో వేడి చేస్తూ వెడల్పాటి పుట్టీ బ్లేడుతో గీకాలి. మిగిలినదాన్ని రంగు వలిచే నైలాన్ చక్రంతో తీయాలి. గ్రైండర్‌కు మామూలు ఇనుప తీగల బ్రష్ పెట్టి రుద్దేవాళ్లను చూస్తుంటాను. పని తొందరగా అవుతుంది కానీ ఇనుము నలుసులు అల్యూమినియంలోకి దిగి, తర్వాత అక్కడే తుప్పు, గుంటలు మొదలవుతాయి. నైలాన్, లేదంటే స్టెయిన్‌లెస్ తీగల బ్రష్ వాడాలి. ఈ దుమ్ము పీల్చకూడనిది. ముక్కుకు మంచి మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

రేకును తినేది రాగి

బావ పడవలో చెక్క ఎత్తాక అడ్డపట్టీల మీద తెల్లటి పొడి కనిపించింది. వేలితో తుడిస్తే పోయింది. పొడి కింద రేకు నున్నగా లేదు. మేకు మొన దిగేంత చిన్న చిన్న గుంటలు వరుసగా ఉన్నాయి. అన్నీ చెక్క ఆనిన చోటే. చెక్క ఆననిచోట ముప్ఫై ఏళ్ల నాటి రేకు కొత్తదానిలా మెరుస్తోంది. కోసిన చెక్క అంచు కొద్దిగా ఆకుపచ్చగా ఉంది. ఆ ఆకుపచ్చ రాగిది.

ఈ ఒక్క సంగతి ప్రతి పడవ యజమానికీ తెలిసి తీరాలి. చెక్క కుళ్లకుండా, చెద పట్టకుండా అమెరికాలో దశాబ్దాలపాటు దానికి సీసీఏ అనే మందు ఎక్కించారు. అందులో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉంటాయి. ఆర్సెనిక్ విషం గురించిన ఆందోళనతో 2003 చివరికల్లా ఇళ్లలో వాడే చెక్కకు ఆ మందు ఆపేశారు. దాని స్థానంలో వచ్చిన ఏసీక్యూ, కాపర్ అజోల్ మందుల్లో ఆర్సెనిక్ లేదు. కానీ రాగి ఎక్కువైంది. మనుషులకు అది మేలు. అల్యూమినియానికి మాత్రం అంతకుముందుకంటే కీడు.

రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే వాటి మధ్య సన్నగా విద్యుత్తు పారుతుంది. చురుకైన లోహం కరిగిపోతుంది, మందకొడి లోహం నిలుస్తుంది. అల్యూమినియం, రాగి జతలో కరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. మందు ఎక్కించిన చెక్కలో రాగి లవణాల రూపంలో ఉంటుంది. కార్పెట్ పట్టి ఉంచిన తేమ ఆ రాగిని ఊర్చి రేకు మీదికి దించుతుంది. ఉప్పునీటిలో ఇది ఒకటి రెండేళ్లలోనే కనబడవచ్చు. మంచినీటిలో నెమ్మదిగా సాగుతుంది. చేపల పడవ అడుగు రేకు మందం చాలావాటిలో అంగుళంలో పదో వంతు, అంటే రెండున్నర మిల్లీమీటర్లే. కొన్నిటిలో ఇంకా తక్కువ. గుంట చిల్లుగా మారడానికి పెద్ద దూరం లేదు.

చిక్కేమిటంటే, కలప దుకాణానికి వెళ్లి పడవకు ప్లైవుడ్ కావాలని అడిగితే అక్కడి కుర్రాడు మంచి మనసుతోనే మందు ఎక్కించినది చూపిస్తాడు. నీళ్లలో నానేదానికి అదే మంచిదని ఎవరికైనా తోస్తుంది. ధర కూడా అందుబాటులో ఉంటుంది. అలా కొని, కష్టపడి కోసి, బిగించి, కార్పెట్ పరిచిన పడవలు నాలుగైదేళ్లకు అడుగున చెమ్మ కారుతూ మరమ్మతుకు వస్తాయి. పని బాగా చేశామనుకున్నవాళ్ల పడవలే అవి.

రేకు మీద గుంటలు లోతు లేకపోతే శుభ్రంగా గీకి, ఆసిటోన్‌తో తుడిచి, అల్యూమినియానికి పనికొచ్చే ప్రైమర్ వేస్తే సరిపోతుంది. లోతుగా ఉన్నవాటిని ఎపాక్సీతో పూడ్చాలి. అవతలికి వెలుతురు కనిపించే చిల్లు ఉంటే వెల్డింగ్ తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లాలి. పలుచని అల్యూమినియం వెల్డింగ్ నేర్చుకుంటూ చేసే పని కాదు. వదులైన రివెట్లు మార్చుకోవడానికీ ఇదే అదను. నీటిమట్టం కింద ఉండేచోట తల మూసి ఉన్న రకం రివెట్లే వాడాలి. మామూలు పాప్ రివెట్ నడుమ ఉండే రంధ్రంలోంచి నీరు ఊరుతుంది.

ఫోమ్ గురించి ఎవరూ చెప్పరు

డెక్ కింద, అడ్డపట్టీల మధ్య పసుపుపచ్చటి ఫోమ్ నింపి ఉంటుంది. సీటు మెత్తగా ఉండటానికి పెట్టింది కాదు. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల ప్రకారం ఇరవై అడుగుల లోపు మోటారు పడవలు నీరు నిండినా మునిగిపోకూడదు. రెండు హార్స్‌పవర్ దాటిన ఔట్‌బోర్డ్ ఇంజిన్ల పడవలైతే 1978 ఆగస్టు నుంచి తయారైనవి నీరు నిండినా తిరగబడకుండా చదునుగా తేలాలి. జనం దాన్ని పట్టుకుని సాయం వచ్చేదాకా ఉండగలగాలి. అల్యూమినియం నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువు కాబట్టి ఆ పని చేసేది ఫోమ్ ఒక్కటే. ఒక ఘనపుటడుగు ఫోమ్ దాదాపు 27 కిలోల బరువును తేల్చి ఉంచుతుంది.

అది ఏళ్ల తరబడి తడిలో ఉంటే కింది పొరలు నీరు పీలుస్తాయి. అప్పుడు ఎన్ని కిలోలు తేల్చాలో ఇంచుమించు అన్ని కిలోల బరువు అదే పడవకు తగిలిస్తుంది. పడవ మునుపటికంటే నెమ్మదిగా లేస్తోందని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని ఇంజిన్‌ను తిట్టుకునేవాళ్లున్నారు. చాలాసార్లు తప్పు ఇంజిన్‌ది కాదు. డెక్ తీసిన రోజు పొడుగాటి కత్తితో ఫోమ్‌ను అడుగుదాకా కోసి ఓ ముక్క బయటకు తీయండి. పిండితే నీరు కారిందా, ఆ గది ఫోమ్ మొత్తం తీసేయాల్సిందే.

తీసినవాళ్లు కొందరు మళ్లీ పెట్టరు. బరువు తగ్గింది, సామాన్లకు చోటు దొరికింది అని సంతోషిస్తారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. ఆ పడవ నిండితే రాయిలా దిగిపోతుంది. తీసినంతకు తగ్గకుండా తిరిగి నింపాలి. రెండు ద్రవాలు కలిపి పోసే రకం వాడితే, అది నురగలా పొంగి గట్టిపడే లోపే అడుగున నీరు వెనక్కి పారే కాలువ మూసుకుపోకుండా చూసుకోవాలి. అందుకోసం కాలువలో ముందే పీవీసీ గొట్టం పడుకోబెట్టి, ఆపైన పోసేవాళ్లు ఉన్నారు. పలకలుగా దొరికే ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ కోసి పేర్చేవాళ్లూ ఉన్నారు. నాకు పలకలే మేలనిపిస్తుంది. మళ్లీ తీసి చూడొచ్చు, ఆరబెట్టొచ్చు. పెట్రోలు, ఆసిటోన్ తగిలితే మాత్రం పాలీస్టైరీన్ కరిగిపోతుంది. ట్యాంకు ఉండే గదిలో అది పెట్టకూడదు.

చెక్క, బంక, కార్పెట్

చెక్క విషయంలో తెలుగు రాష్ట్రాలవాళ్లకు మెరైన్ ప్లైవుడ్ పేరు కొత్తకాదు. మన వంటింటి అల్మారాలు చేసే వడ్రంగులు అడిగే ఐఎస్ 710 రకానికీ ఆ పేరే. అమెరికాలో డగ్లస్ ఫర్‌తో చేసినదో, ఓకూమే పొరలతో బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 ప్రకారం చేసినదో దొరుకుతుంది. మెరైన్ అంటే కుళ్లనిది అని కాదు. దాని పొరల మధ్య ఖాళీలు ఉండవు, పొరలను అతికించిన జిగురు నీటికి వదలదు. చెక్క మాత్రం మామూలు చెక్కే. తడి చేరితే అదీ కుళ్లుతుంది. అందుకే డబ్బు ప్లైవుడ్ మీదకంటే దాని పూత మీద ఖర్చుపెట్టడం తెలివి. మందు ఎక్కించని మంచి ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ తెచ్చి ఎపాక్సీ మూడు పూతలు వేస్తే, పూత లేని మెరైన్ ప్లైవుడ్ కంటే ఎక్కువకాలం ఉంటుంది. మూతలకు అర అంగుళం, సీటు పళ్లెం వచ్చేచోట ముప్పావు అంగుళం మందం పెట్టుకోవాలి.

నీరు చెక్కలోకి వెళ్లేది పైనుంచి తక్కువ, అంచుల నుంచి, స్క్రూ రంధ్రాల నుంచి ఎక్కువ. కాబట్టి అంచులకు ఇంకో పూత అదనంగా ఇవ్వాలి. స్క్రూ పట్టే ప్రతిచోటా ముందు కాస్త పెద్ద రంధ్రం చేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులోనే స్క్రూకు సన్నటి రంధ్రం వేస్తే నీరు ఎప్పటికీ చెక్కను ముట్టదు. ఇది విసుగు పుట్టించే పనే. బావ పడవలో ఆ పనే అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంది. నన్ను అడిగితే మొత్తం మరమ్మతులో అంత విలువైన పని ఇంకోటి లేదు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్‌వే ఉండాలి. ఇత్తడి స్క్రూలు చూడ్డానికి బాగుంటాయి కానీ ఇత్తడిలో ఉన్నది రాగే.

కార్పెట్ ఇంటికి వాడేది పనికిరాదు. పడవలకు వచ్చేది పాలీప్రొపిలీన్ దారంతో చేసింది. ఆ దారం నీరు పీల్చదు, బూజు దాన్ని తినలేదు, ఎండకు తట్టుకునే మందు దారంలోనే కలిపి ఉంటుంది. చదరపు గజానికి పదహారు ఔన్సులో ఇరవై ఔన్సులో అని బరువును బట్టి అమ్ముతారు. మూతల అంచు చుట్టూ తిప్పడానికి పదహారు ఔన్సులది బాగా వంగుతుంది. ఎక్కువ తొక్కుడు పడే డెక్‌కు ఇరవై ఔన్సులది నిలుస్తుంది. దుకాణంలో బరువైనదే మంచిదని చెబుతారు. కానీ బరువైన కార్పెట్ చుట్టాక మూత మందమై అరలోకి దిగక ఇరుక్కుంటుంది. పాత మూత చుట్టూ ఎంత సందు ఉందో చూసుకుని కొనాలి.

చుట్టను విప్పి ఎండలో కాసేపు పరిస్తే మడతలు పోతాయి. దాని మీద అరచేయి పెట్టి ఒకవైపు, ఇంకోవైపు రుద్దితే నూగు ఎటు వాలిందో తెలుస్తుంది. ప్రతి ముక్క వెనకా ముందుభాగం ఎటో బాణం గుర్తు వేసి, అన్నీ ఒకే దిక్కుగా కోయాలి. లేదంటే ఒకే చుట్టలోంచి వచ్చిన ముక్కలే పక్కపక్కన రెండు రంగుల్లా కనబడతాయి. కోత ఎప్పుడూ వెనకవైపు నుంచి, కొత్త బ్లేడుతో.

బంక డబ్బా మీద రాసింది చదవాలి. మామూలుగా వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలంటారు. మిడ్‌వెస్ట్‌లో ఈ పనికి ఏప్రిల్ చివర, మే నెల బాగుండటానికి అదో కారణం. పళ్లున్న తాపీతో పలచగా, సమంగా పరిచి, డబ్బా చెప్పినంతసేపు ఆరనిచ్చి, నడుమ నుంచి అంచులకు రోలర్‌తో నొక్కుకుంటూ పోవాలి. ఎపాక్సీ, పెయింటు పూర్తిగా గట్టిపడకముందే బంక రాస్తే అందులోని ద్రావకం పూతను మెత్తబరుస్తుంది. తొందరపడినవాళ్ల డెక్కుల మీద వేసవిలో బుడగలు లేచేది అందుకే.

మూతలకు రెండు మూడు అంగుళాలు అడుగువైపుకు మడిచి స్టెయిన్‌లెస్ పిన్నులు కొట్టాలి. మూలల్లో త్రికోణంగా కొంత కోసి తీసేస్తేనే మడత ఉబ్బకుండా కూర్చుంటుంది.

ఇప్పుడు ఒక హెచ్చరిక. కార్పెట్ అంటించాక కీళ్లకు, సీటుకు స్క్రూ బిగించాలని డ్రిల్లు నేరుగా కార్పెట్ మీద పెట్టారంటే బిట్టు ఓ దారాన్ని పట్టుకుంటుంది. రెప్పపాటులో ఆ దారం చుట్టుకుని, డెక్ పొడుగునా ఒక గీత లేచిపోతుంది. దాన్ని మళ్లీ అతికించే దారి లేదు. ముందే చెక్కలో వేసిన రంధ్రాన్ని సూదిమొనతో వెతికి పట్టుకుని, అక్కడ కాల్చిన సోల్డరింగ్ ఐరన్ మొన గుచ్చాలి. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి, చుట్టూ దారాలు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ గుండ్రటి గట్టు లోపల స్క్రూ దిగితే ఏ దారమూ కదలదు. ఆ పొగ పీల్చకుండా ఆరుబయటే చేయాలి.

అసలు కార్పెట్టే కావాలా?

ఈ ప్రశ్న వేసుకోవడంలో తప్పు లేదు. ఇప్పుడు వినైల్ షీట్లు, అతికించే ఈవీఏ ఫోమ్ పలకలు, గరుకు పెయింట్లు చాలా వచ్చాయి. వినైల్‌ను గొట్టంతో కడిగేస్తే చేప రక్తం, బురద అన్నీ పోతాయి. మూడు కొక్కేల గాలం దానికి చిక్కుకోదు. కార్పెట్‌లో చిక్కితే కత్తిరించి తీయాలి. ముదురు రంగు వినైల్ టెక్సాస్ ఎండలో కాలు పెట్టనివ్వదు, తడిస్తే కొన్ని రకాలు జారతాయి. ఈవీఏ పలకలు కాళ్లకు హాయిగా ఉంటాయి, ధర ఎక్కువ. నా అభిప్రాయం అడిగితే, చేపలు పడేసే లోతట్టు అడుగుభాగానికి వినైల్, నిలబడి గాలం విసిరే పై డెక్‌కు కార్పెట్. బావ పడవలో అలాగే చేశాం. బెంచీలు తప్ప డెక్ లేని చిన్న జాన్ బోటుకు ఏదీ అక్కర్లేదు, గరుకు పెయింట్ చాలు. ఉత్తరాంధ్ర నుంచి నెల్లూరు దాకా మన తీరంలో నడిచే ఫైబర్ తెప్పల్లో ఎవరూ ఏమీ పరచరు. వలలు, ఐసు, చేపలు నిండే పడవకు కడిగితే శుభ్రమయ్యే నేలే కావాలి. పొట్టకూటి వేటకూ సెలవురోజు వేటకూ పడవ ఒకటి కాదు.

ట్రైలర్ మీద పడవ ఆనే దిమ్మెలకు కూడా కార్పెట్ చుట్టి ఉంటుంది. దాన్నీ ఇదే సమయంలో మార్చేయాలి. ఆ దిమ్మెలు సాధారణంగా మందు ఎక్కించిన కలపే. దాని మీద పాత కార్పెట్ చిరిగితే రాగి ఉన్న చెక్క నేరుగా పడవ అడుగు రేకుకు తగులుతుంది. పైగా తడి కార్పెట్ జీబ్రా మసెల్ అనే గుల్లల పిల్లలను ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు మోసుకెళ్తుంది. 1988లో గ్రేట్ లేక్స్ ప్రాంతంలో కనిపించిన ఈ చిన్న గుల్లలు తర్వాత దేశంలో ఎన్నో జలాశయాలకు పాకి, పైపులు మూసేసి, చేపల తిండి కాజేశాయి. ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్లే ముందు పడవను కడిగి, నీరంతా వంచేసి, కనీసం ఐదు రోజులు ఆరబెట్టమని అక్కడి అధికారులు అంటారు. రేకు గంటలో ఆరుతుంది. కార్పెట్‌కు ఆ ఐదు రోజులూ కావాలి. మూతలన్నీ తెరిచి ఉంచితేనే ఆరుతుంది. కప్పేసి మూల పెట్టిన పడవలో ఎంత మంచి చెక్కకైనా ఆయుష్షు తక్కువ.

పాత అల్యూమినియం పడవ కొనబోయే మనవాళ్లకు నా మాట ఇది. కార్పెట్ అందం చూసి ధర కట్టకండి. బూట్లు విప్పి డెక్ అంతా మడమతో తొక్కండి, సీట్లు పట్టి ఊపండి, అరల మూతలెత్తి అడుగు చెక్క అంచు రంగు చూడండి. అంచు ఆకుపచ్చగా ఉన్నా, పక్క రేకు మీద తెల్లపొడి కనిపించినా డెక్ మొత్తం విప్పాల్సి వస్తుందని లెక్కవేసి బేరమాడండి. విప్పాక కొత్త ప్లైవుడ్ కొనేటప్పుడు దుకాణంలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: దీనికి రాగి మందు ఎక్కించారా? ఎక్కించారంటే, ఎంత చవకగా ఇచ్చినా ఆ చెక్క మీ పడవలోకి తేకండి.